మర్యాదగా విభేదించడం – నాలుగవ పాఠం: పండితుల పద్యంలో యతి తప్పిందనిపిస్తే

ఎదుటివారి వాదాన్ని వారు ఔననేలా తిరిగి చెప్పడం గత పాఠంలో అభ్యసించాం. ఈసారి మనకంటె ఎక్కువ చదువుకున్నవారితో విభేదించవలసి వచ్చినప్పుడు ఎలా రాయాలో ఛందస్సు ఆధారంగా చూద్దాం.

‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ అన్న వేమన పాదాన్ని తీసుకోండి. ఆటవెలది ఛందస్సులో నాలుగవ గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవవలసిన చోటు. అక్కడ ‘ఉ’కు ‘నొ’ కనబడగానే, యతి నియమం కొత్తగా నేర్చుకున్నవారికి తప్పు దొరికిందనిపిస్తుంది. సంధి విడదీస్తే అది ‘కప్పురంబును, ఒక్క’ అవుతుంది. ఉ, ఒ అచ్చులకు మైత్రి ఉంది, అంటే ఒకదానికొకటి యతిగా చెల్లుతాయి. తరువాతి పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో ‘చూ’, ‘జా’ల అచ్చులు కలవకపోయినా, వాటి పక్కనున్న డకారం కలిసి ప్రాసయతి అయింది. ఒకే పద్యంలో తొందరపాటుకు రెండు చోట్ల అవకాశముంది కనుక, ఆక్షేపణ రాసే ముందు ఆ పాదం ఏ విధంగా సరైనదవుతుందో వెతకడం మన బాధ్యత.

వెతికినా సందేహం తీరకపోతే తప్పక అడగాలి. ఒక అవధానిగారి ఉత్పలమాలలో ప్రాసయతి కనిపించిందనుకోండి; ఆటవెలదిలో చెల్లే ఆ యతి ఉత్పలమాల వంటి వృత్తాలలో చెల్లదు. ‘యతి కూడా చూసుకోరా?’ అంటే అది మనిషి మీదికి పోతుంది. ‘అల్పుణ్ణి, అజ్ఞానిని, మన్నించండి’ అంటూ నాలుగు వాక్యాలు రాస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది. ఈ అతివినయం కూడా చర్చకు చేటేనని నా అభిప్రాయం. ఇలా రాయవచ్చు:

‘అయ్యా, మూడవ పాదంలో పదవ అక్షరం దగ్గర ప్రాసయతి వేసినట్టు కనబడుతోంది. వృత్తాలలో అది చెల్లదని చదువుకున్నాను. నేను గమనించని మరో యతి ఇక్కడ ఉన్నదా?’

ఇందులో చోటు, నియమం రెండూ స్పష్టంగా ఉన్నాయి; పైగా వారు జవాబు చెప్పడానికైనా, దిద్దుకోవడానికైనా చిన్నబోనక్కరలేదు. అఖండయతి (యతిస్థానంలో సంధిని విడదీయకుండా, కలిసిన హల్లుకే యతి వేయడం) సంగతి వేరు. దానిని లాక్షణికులలోనే (ఛందస్సు నియమాలు రాసినవారిలోనే) కొందరు ఒప్పుకున్నారు, కొందరు కాదన్నారు. అటువంటి చోట ‘తప్పు’ అనకుండా, ‘మీరు ఏ లాక్షణికుల మతాన్ని అనుసరించారు?’ అని అడగడమే న్యాయం.

అభ్యాసం: ‘మీ తేటగీతిలో గణాలు కుదరలేదు, మళ్ళీ చూసుకోండి’ అన్న వాక్యాన్ని, పాదాన్నీ గణాన్నీ పేర్కొంటూ, ఒక్క క్షమాపణ కూడా లేకుండా తిరగరాయండి. పండితులు కోపంగా బదులిచ్చినప్పుడు ఏం చేయాలో వచ్చే పాఠంలో చూద్దాం.