తప్పిపోయిన మనిషి, గుర్తు తెలియని అవశేషాలు: రెండు ఫైళ్లను కలపడం ఎలా

ఇంటి మనిషి కనిపించకుండా పోయి నెలలు గడిచాక, ఎక్కడో గుర్తు తెలియని మృతదేహమో ఎముకలో దొరికాయన్న చిన్న వార్త జిల్లా పేజీలో కనబడితే, ముందు ఎవరిని అడగాలో చాలా కుటుంబాలకు తోచదు. మృతదేహానికి ఒక స్టేషన్‌లో ఫైలు ఉంటుంది, తప్పిపోయిన మనిషికి మరొక స్టేషన్‌లో ఉంటుంది. ఈ రెండూ ఎదురుపడకపోవడం వల్లనే చాలా కేసులు ఏళ్ల తరబడి మూలన పడి ఉంటాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు ఆ ఫైళ్లను కలపడానికి తామే చేయగల పనులను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీ వైపు ఫైలు సరిగా ఉండాలి. ఫిర్యాదు ఇవ్వడానికి ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నిబంధన చట్టంలో ఎక్కడా లేదు. మన రాష్ట్రంలో అదృశ్యం ఫిర్యాదును ‘మ్యాన్ మిస్సింగ్’ పేరుతో ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేస్తారు. దాని నకలు, నంబరు, దర్యాప్తు అధికారి పేరు మీ దగ్గర లేకపోతే మిగతా ఏ కార్యాలయంలోనూ మీ మాట ముందుకు కదలదు.

తరువాత ఎక్కడ వెతకాలన్నది. విజయవాడ–చెన్నై రైలు మార్గం ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా పోతుంది కనుక పట్టాల పక్కన దొరికిన మృతదేహం కేసు సాధారణంగా రైల్వే పోలీసుల దగ్గర ఉంటుంది. ఊరి స్టేషన్‌లో ‘మా దగ్గర అలాంటిదేమీ లేదు’ అన్నంత మాత్రాన పట్టాల మీద కూడా లేదనుకోకూడదు. ఒంగోలు, నెల్లూరు రైల్వే పోలీసు స్టేషన్లలో విడిగా అడగాలి. సముద్రంలో గల్లంతైనవారి విషయంలో నెలను బట్టి దిక్కు మారుతుంది. తూర్పు తీరం వెంట నీటి ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. కాబట్టి కార్తీక మాసంలో మైపాడు దగ్గర గల్లంతైన మనిషి కోసం పులికాట్ వైపు, తమిళనాడు తీర పోలీసుల దగ్గర కూడా విచారించడం న్యాయం. ఉదయగిరి కొండల వంటి చోట్ల మేకల కాపరులకో కట్టెలు కొట్టేవారికో ఎముకలు కనిపిస్తే స్థానిక స్టేషన్ వారు పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పంచనామా చేస్తారు. జిల్లా పోలీసు కార్యాలయంలోని నేర రికార్డుల విభాగంలో, అంటే డి.సి.ఆర్.బి.లో, జిల్లా మొత్తం వివరాలు అడగవచ్చు. స్టేషన్ల చుట్టూ తిరిగే శక్తి లేనివారు అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

గుర్తుపట్టడంలో ముఖాన్ని నమ్ముకోకండి. మన ఎండలకు, నీళ్లలో నానినదైతే మరీ త్వరగా, ముఖం ఉబ్బి రంగు మారిపోతుంది. దుఃఖంలో ఉన్నవారు తమవారిని కాదనడమూ, ఇతరులను తమవారనడమూ రెండూ జరుగుతాయి. పత్రికా ప్రకటనలో ‘సుమారు 45 ఏళ్లు’ అని ఉంటే అది అంచనా మాత్రమే కనుక, పదేళ్లు తేడా ఉందని ఆ కేసును పక్కన పెట్టకూడదు. మారనివాటిని ఒక కాగితం మీద రాసుకోండి: విరిగి అతికిన ఎముకలు, పీకించిన పళ్లు, పంటికి తొడిగించిన క్యాపు, పచ్చబొట్టు, ఆపరేషన్ మచ్చ, చొక్కా కాలరు లోపలి టైలర్ లేబుల్, మొలతాడు, తాయెత్తు, మెట్టెలు. కాలిలో ప్లేటో రాడ్డో వేయించుకుని ఉంటే ఆసుపత్రి కాగితాల్లో తయారీదారు పేరు, లాట్ నంబరు దొరకవచ్చు. ఆ లోహం మీది అక్షరాలు ఎముకల మధ్య కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. అవి మనిషిని తేల్చవు గాని, బాల్యం ఎలాంటి నీళ్లున్న చోట గడిచిందో సూచిస్తాయి. ఫొటో ఇచ్చేటప్పుడు నోరు మూసుకున్న పాస్‌పోర్టు ఫొటోతో పాటు, పెళ్లి ఆల్బమ్‌లో పళ్లు కనబడేలా నవ్విన ఫొటో ఒకటి ఇవ్వండి. పుర్రెతో పోల్చి చూసే పరీక్షకు అదే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఆధార్ వేలిముద్రతో పేరు ఇట్టే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ వేలిముద్రల వివరాలను ఎవరికీ ఇవ్వనివ్వదు కనుక ఆ ఆశ పెట్టుకోకండి.

మిగిలింది డి.ఎన్.ఎ. పరీక్ష. దాన్ని దర్యాప్తు అధికారి అభ్యర్థన మీద మంగళగిరిలోని రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ వంటి చోటికి పంపుతారు గనుక, ‘ఫలానా కేసు నంబరులోని అవశేషాలతో మా నమూనాలను పోల్చండి’ అని లిఖితపూర్వకంగా కోరి, అందినట్లు రసీదు తీసుకోవాలి. తల్లిదండ్రుల రక్తం అన్నిటికన్నా మేలు. వారు లేకపోతే పిల్లలది, ఆ తర్వాత తోబుట్టువులది. భార్య లేక భర్త రక్తం ఒక్కటే ఇస్తే ఏమీ తేలదు, కాని పిల్లల నమూనాతో కలిపి ఇస్తే పోలిక బలపడుతుంది. తల్లి లేనప్పుడు ఆమె తోబుట్టువులు, అంటే మేనమామలు, పిన్నమ్మ, పెద్దమ్మ కూడా తల్లివైపు వారసత్వాన్ని చూపగలరు. తప్పిపోయిన మనిషి వాడిన పళ్ల బ్రష్షు, దువ్వెన, ఉతకని బట్టలు ఉంటే ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు కవరులో ఉంచండి. చిన్నప్పటి బొడ్డుతాడు తాయెత్తులో దాచిన ఇళ్లు మన వైపు ఇంకా ఉన్నాయి. అది ఆ మనిషి స్వంత కణజాలమే కనుక పోలీసులకు తప్పక చూపించండి.

మృతదేహాన్ని మార్చురీలో సాధారణంగా 72 గంటలు ఉంచి, ఎవరూ రాకపోతే ఖననం చేయిస్తారు. మీరు ఆలస్యంగా వచ్చారని నిరాశ పడనక్కరలేదు. పోస్టుమార్టం సమయంలో పంటినో తొడ ఎముకనో భద్రపరిచారేమో ముందు అడగండి. లేకపోతే పైన చెప్పిన నాగరిక సురక్షా సంహిత 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు అనుమతితో పూడ్చినదాన్ని తిరిగి వెలికితీయవచ్చు. అందుకు ఖననం చేసిన స్థలం రికార్డు కావాలి గనుక మున్సిపాలిటీ లేదా పంచాయతీ వారి కాగితం నకలు ముందే సంపాదించుకోండి.

పోలిక కుదిరితే మరణ ధ్రువపత్రాన్ని మరణం జరిగిన చోటి రిజిస్ట్రార్ ఇస్తారు, సొంత ఊరిలో కాదు. ఏడాది దాటితే జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు లేదా ఆయన అధికారమిచ్చిన మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. పోలిక కుదరకపోతే మీ జాబితాలో ఆ కేసు సంఖ్యను కొట్టివేసి, మీ డి.ఎన్.ఎ. వివరాలు మరో కేసుకు వాడేలా ఫైల్లోనే ఉంచమని రాతపూర్వకంగా కోరండి. ఏడేళ్లు ఎవరికీ ఆచూకీ తెలియని మనిషిని మరణించినట్లు భావించే వీలు భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్‌లో ఉంది. అయితే ఏ తేదీన మరణించాడన్నది ఆ సెక్షన్ చెప్పదని, కావాలంటే విడిగా నిరూపించుకోవాలని సుప్రీంకోర్టు 2004లో ఎల్.ఐ.సి. కేసులో తేల్చింది. ఆ కేసులో ప్రీమియం ఆగిపోయిన కుటుంబానికి పూర్తి బీమా సొమ్ము దక్కలేదు. కాబట్టి పాలసీ ఉన్నవారు ఆ ఏడేళ్లూ ప్రీమియం కడుతూ రసీదులను మిస్సింగ్ ఎఫ్.ఐ.ఆర్. నకలుతో పాటే దాచుకోవాలి.