మీ వీధి గాలిని మీరే కొలవడం ఎలా?

హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పటాన్‌చెరు ఇక్రిశాట్ లాంటి చోట్ల గాలి నాణ్యత స్టేషన్లున్నాయి. మీ సందు చివర సెల్లార్ తవ్వుతుంటే లేచే దుమ్ము వాటికెలా తెలుస్తుంది? మీటరు మన బాల్కనీలోనే ఉండాలి.

ముందు సెన్సర్. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని ధూళి. దానికి ఎస్‌డీఎస్ 011 గానీ పీఎంఎస్ 5003 గానీ కొనండి. లోపలి బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది, ధూళి తగిలి చెదిరే లేజర్ వెలుగును బట్టి లెక్క వస్తుంది. సెన్సర్ అంకెలను చదివి వైఫైలో పంపే చిన్న నోడ్‌ఎంసీయూ బోర్డు, కరెంటుకు పాత ఫోన్ ఛార్జర్ తోడైతే చాలు. చవగ్గా వస్తోందని ఎంక్యూ 135 కొనకండి. అది వాయువుల సెన్సర్, దుమ్మును కొలవదు.

తర్వాత చోటు. నేను మొదట వంటింటి కిటికీ పక్కన కట్టాను. రోజూ పొద్దున ఏడున్నరకు అంకె ఒక్కసారిగా ఎగిరేది. ఆఫీసు ట్రాఫిక్ అనుకుని వారం రోజులు తిట్టుకున్నాను. తీరా చూస్తే మా ఇంటి పోపు! వంటిల్లు, అగరొత్తులు, ఏసీ బయటి యూనిట్‌కు దూరంగా, ఎండా వానా తగలకుండా, అడుగు తెరిచిన ప్లాస్టిక్ డబ్బాలో వేలాడదీయండి.

చలికాలం తెల్లవారుజామున ఇంకో చిక్కు. తేమ 70 శాతం దాటితే ధూళి కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అలాగని కొట్టిపారేయొద్దు. ఆ వేళల్లో నేల దగ్గరి చల్లగాలి పైకి లేవక పొగ నిజంగానే కిందే నిలిచిపోతుంది. ఏది తేమో ఏది పొగో తేల్చుకోవడానికి పక్కనే తేమ కొలిచే డీహెచ్‌టీ 22 పెట్టుకోండి.

చాలామంది ఎగ్గొట్టేది సరిచూసుకోవడం. అది చేయకపోతే మీ అంకెకు విలువ లేదు. స్టేషన్ దగ్గర్లో చుట్టాలెవరైనా ఉంటే మీటరును వారం పాటు వాళ్లింట్లో పెట్టించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో గంటవారీ వివరాలు దొరుకుతాయి. వారమంతా మీది దానికి ఒకటిన్నర రెట్లు చూపిస్తోందా? ఇకనుంచి వచ్చినదాన్ని ఒకటిన్నరతో భాగించుకోండి. సెన్సర్ చూపే మైక్రోగ్రాములను పోర్టల్‌లోని మైక్రోగ్రాములతోనే పోల్చాలి సుమా, ఏక్యూఐతో (గాలి నాణ్యత సూచీతో) కాదు.

ఏక్యూఐ కావాలంటే 24 గంటల సగటు తీయండి. మన దేశపు లెక్కలో క్యూబిక్ మీటరుకు 60 మైక్రోగ్రాములుంటే సూచీ 100, 90 ఉంటే 200. అంటే 75 వస్తే దాదాపు 150. కొన్ని యాప్‌లు అమెరికా లెక్క వాడతాయి, అదే గాలికి వేరే అంకె చెబుతాయి. ఇక 60 మన ప్రమాణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజు సగటుకు పెట్టిన హద్దు 15.

చివరగా ఒక పొదుపు మాట. ఎస్‌డీఎస్ 011 లేజర్ ఆయుష్షు దాదాపు 8,000 గంటలు. ఆపకుండా నడిపితే ఏడాదిలోపే అయిపోతుంది. ఐదు నిమిషాలకోసారి ఒక్క నిమిషం నడిచేలా ప్రోగ్రాం పెడితే నాలుగేళ్లు దాటి వస్తుంది.