ఫారెస్ట్ ఆఫీసర్ అవ్వాలంటే ఏం చేయాలి? ముందు 25 కిలోమీటర్లు నడవడం నేర్చుకోండి

అటవీ శాఖ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదివి, రాతపరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, చివర్లో వాకింగ్ టెస్ట్‌లో పోయే పిల్లల్ని ప్రతి నోటిఫికేషన్‌కీ చూస్తూనే ఉన్నా, చూసి చూసి కడుపు మండి రాస్తున్నా.

ముందు ఏ పోస్టో తేల్చుకోండి. ఇంటర్ అయితే బీట్ ఆఫీసర్, సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే రేంజ్ ఆఫీసర్, ఇంకా పైకి వెళ్లాలంటే యూపీఎస్సీ పెట్టే ఐఎఫ్‌ఎస్, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. మగాళ్లకి 163, ఆడవాళ్లకి 150 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ఎస్టీలకి సడలింపు ఉంటుంది, మిగతావి నోటిఫికేషన్‌లో చూస్కోండి. జీకే, లెక్కలు పాత పేపర్లు చేస్తే వచ్చేస్తాయి, వాటికి కోచింగ్ దండగ.

ఇక అసలు సంగతికొద్దాం. మన రాష్ట్రాల పోస్టులకి మగాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16, ఎవరికైనా 4 గంటలే టైమ్. కిలోమీటర్‌కి 10 నిమిషాలంటే బాగానే నడుస్తున్నాం అనిపిస్తుంది కదా, ఆ లెక్కన 25 అయ్యేసరికి 4 గంటల 10 నిమిషాలు, అంటే ఫెయిల్! 9 నిమిషాల 20 సెకన్లు పట్టుకోండి, అప్పుడే నీళ్లు తాగడానికి ఆరేడు నిమిషాలు మిగులుతాయి. ఆడవాళ్లకి 15 నిమిషాల్లో కిలోమీటర్ అయితే సరిపోతుంది కానీ 14కి అలవాటు పడండి.

చాలామంది పోలీస్ ఈవెంట్స్‌లాగా గ్రౌండ్‌లో 1600 మీటర్లు పరుగెత్తి ఇదే ప్రాక్టీస్ అనుకుంటారు. అలా తయారైనోళ్లు మొదటి 5 కిలోమీటర్లు ఊపుగా పోయి, 18 దాటాక పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడతారు. పరుగు వేరు, నాలుగు గంటలు ఆగకుండా నడవడం వేరు. మూడు నెలల ముందే మొదలెట్టి రోజు విడిచి రోజు తెల్లవారుజామున తారు రోడ్డు మీద 8 కిలోమీటర్లు నడవండి, ఆదివారం మాత్రం లాంగ్ వాక్, వారానికి 2 కిలోమీటర్లు పెంచుకుంటూ 22 దాకా. చివరి పది రోజులు తగ్గించేయాలి. కొత్త షూస్ ఆ రోజే తొడగడం మహా పాపం, మడమ దగ్గర బొబ్బ లేస్తే ఇక అంతే. గోళ్లు రెండ్రోజుల ముందు తీసుకోండి, తొడల మధ్య వ్యాసెలిన్ రాసుకోండి. రెండు కిలోమీటర్లకోసారి ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు రెండు గుక్కలు, అంతేగానీ లీటర్ ఒకేసారి దించొద్దు. బీపీ, ఈసీజీ ముందే చూపించుకోండి. నడుస్తుంటే తల తిరిగినా, ఛాతీలో నొప్పొచ్చినా అక్కడే ఆగిపోయి డాక్టర్‌ని పిలవండి, దయచేసి, నోటిఫికేషన్ మళ్లీ వస్తుంది.

సెలెక్ట్ అయ్యాక ట్రైనింగ్. తెలంగాణ వాళ్లకి దూలపల్లి, ఆంధ్రా వాళ్లకి రాజమండ్రిలో అకాడమీలున్నాయి, అక్కడ అన్నీ నేర్పిస్తారు.

పోస్టింగ్ వచ్చాక ఆఫీసులో కూర్చునే అలవాటు చేసుకోవద్దు. మీ బీట్‌లో, అంటే మీకప్పగించిన అడవి ముక్కలో, నల్లమద్ది చెట్టు ఏదో, ఏగిస చెట్టు ఏదో బెరడు చూసి చెప్పగలగాలి, అవి పుస్తకం కంటే ఊళ్లో పెద్దోళ్ల దగ్గరే బాగా తెలుస్తాయి. టేకు నరికిన కేసులో పీఓఆర్ (నేరం మీద రాసే తొలి రిపోర్ట్) రాసేటప్పుడు కంపార్ట్‌మెంట్ (అడవిని విడగొట్టిన భాగం) నంబరు, నరికాక మిగిలిన మోడు చుట్టుకొలత అక్కడే నిలబడి టేపు పెట్టి రాయండి, ఇంటికొచ్చి గుర్తున్నంత రాస్తే డిఫెన్స్ లాయరు కోర్టులో ముందు పట్టుకునేది ఆ అంకెలనే.