కథ లాగ్‌లైన్‌ను తోటివారి సాయంతో మెరుగుపరచుకోవడం ఎలా?

చెన్నైలోని సాలిగ్రామం, వడపళని వీధుల్లో ఇప్పటికీ తెలుగు కథలు రాసేవారు ఉన్నారు. వాహినీ, ఏవీఎం, ప్రసాద్ స్టూడియోలు తెలుగు సినిమాలతో కళకళలాడిన రోజుల్లో కథాచర్చలు రోజుల తరబడి సాగేవి. ఈరోజు కొత్త రచయితకు నిర్మాత దగ్గర దొరికేది ఆయన కారెక్కేలోపు ఉన్న కాస్త సమయమే. ఆ కాస్త సమయంలో వచ్చే ప్రశ్న ఒకటే: ‘లైన్ ఏమిటి?’ దానికి ఒకటి రెండు వాక్యాల్లో చెప్పే జవాబే లాగ్‌లైన్. దాన్ని గదిలో ఒంటరిగా కూర్చుని ఎంత చెక్కినా పూర్తి కాదు. కథ మొత్తం మీ తలలో ఉంటుంది కాబట్టి వాక్యంలో లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ లోటును పట్టుకోగలిగేది కథ తెలియని మనిషే.

ముందు మీ ఇంటిపని పూర్తి చేయండి

నలుగురి దగ్గరకు వెళ్లే ముందు అయిదు ప్రశ్నలకు విడివిడిగా జవాబులు రాసుకోండి. కథ ఎవరిది? ఏం జరిగి అది మొదలవుతుంది? ఆ మనిషికి ఇప్పుడు ఏం కావాలి? అడ్డుపడేది ఎవరు? ఓడిపోతే పోయేది ఏమిటి? ముగింపు రాయనక్కర్లేదు. పాత్ర పేరు కన్నా వృత్తి, స్థితి ఎక్కువ చెబుతాయి. ‘భారతి’ అంటే వినేవారికి ఏమీ తెలియదు, ‘కోర్టు పత్రాలు తర్జుమా చేసే మహిళ’ అంటే ఆమె ఎక్కడ కూర్చుంటుందో, చేతిలో ఏముంటుందో తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో లాగ్‌లైన్‌ను సాధారణంగా ఒకే వాక్యంలో, 25 నుంచి 30 పదాల్లో రాస్తారు. తెలుగులో అదే పద్ధతి పట్టుకుంటే ‘చేసిన’, ‘ఉన్న’, ‘పడ్డ’ అంటూ విశేషణాలన్నీ ముందే పోగుపడి, క్రియ వచ్చేసరికి వినేవారు కర్తను మరచిపోతారు. మొహమాటపడకుండా రెండు వాక్యాలు చేయండి. పైకి చదివి చూడండి. మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే అక్కడ విడగొట్టండి.

ఎవరిని అడగాలి?

ముగ్గురి నుంచి అయిదుగురు చాలు. అందరూ రచయితలే అయితే చర్చ స్క్రీన్‌ప్లే మీదకు మళ్లుతుంది. ఒకరు రాసేవారు, ఒకరు సినిమాలు చూడటమే తప్ప రాయని వారు, ఒకరు మీ ఊరు, మీ నేపథ్యం తెలియని వారు ఉండాలి. చెన్నైలో ఈ మూడో మనిషి సులువుగా దొరుకుతారు. పక్క ఇంటి తమిళ మిత్రుడికి మీకు వచ్చిన తమిళంలో చెప్పి చూడండి. మాటల సొగసు మీద నిలబడిన లైన్ అక్కడ జారిపోతుంది, కథ మీద నిలబడిన లైన్ నిలుస్తుంది. ఇంట్లోవాళ్లను మాత్రం మొదటి విడతలో పిలవకండి. వాళ్లు మీ మీద ప్రేమతో మాట్లాడతారు.

చదవండి, కాగితం మూసేయండి

టీ నగర్‌లోని పానగల్ పార్కు బల్ల మీదైనా, ఎవరి గదిలోనైనా కూర్చోండి. లాగ్‌లైన్‌ను రెండుసార్లు చదవండి. వివరణ ఇవ్వకండి. ‘అంటే నా ఉద్దేశం ఏమిటంటే’ అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. ‘ఎలా ఉంది?’ అని కూడా అడగవద్దు, ‘బాగుంది’ అన్న జవాబుతో చేయగలిగిందేమీ లేదు. ‘మీకు అర్థమైన కథను మీ మాటల్లో చెప్పండి’ అని అడగండి. ఈ పద్ధతిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మే మెట్టు ఇదే. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి ప్రయత్నం ఇది అనుకోండి:

‘చెన్నైలో ఉండే ఒక మధ్యతరగతి మహిళ జీవితంలో అనుకోకుండా జరిగిన ఒక సంఘటన ఆమె కుటుంబాన్ని ఎలా మార్చింది అన్నదే ఈ కథ.’

తిరిగి చెప్పమంటే ఒకరు భర్త పోయాడంటారు, ఇంకొకరు లాటరీ తగిలిందంటారు. ఇద్దరూ తప్పు కాదు, వాక్యం ఖాళీగా ఉంది కాబట్టి తమ కథతో నింపుకున్నారు. రెండో ప్రయత్నం:

‘జార్జ్‌టౌన్‌లో కోర్టు పత్రాలు తర్జుమా చేసే మహిళ, ఒక దొంగ దస్తావేజు మీద తన తండ్రి సంతకం చూసి, దాని వెనుక రహస్యాన్ని ఛేదించడానికి బయలుదేరుతుంది.’

ఇప్పుడు అందరూ దాదాపు ఒకే కథ చెబుతారు. అయితే ఒకరు అడుగుతారు: ‘సంతకం అందరికీ కనిపిస్తుంది కదండీ, నిజం బయటపడటానికి ఆమే ఎందుకు? ఆ ఫైలు ఇంకొకరికి ఇచ్చేసి తప్పుకోవచ్చు కదా?’ ఇలాంటి ప్రశ్న దొరికితే ఆ సాయంత్రం దండగ కానట్టే. సంతకాన్ని చేతిరాతగా మార్చి చూడండి. మారుపేరుతో రాసిన దస్తావేజులో ఆ రాత తండ్రిదని గుర్తుపట్టగలిగేది కూతురు ఒక్కతే. ఫైలు ఇంకొకరికి అప్పగించినా నిజాన్ని దాచినట్టే. తప్పించుకునే దారి మూసుకుపోయింది:

‘కోర్టు పత్రాలు తర్జుమా చేసి బతికే మహిళ, ఒక పేటలోని ఇళ్లన్నీ కాజేయడానికి పుట్టించిన దొంగ దస్తావేజులో తన తండ్రి చేతిరాతను గుర్తుపడుతుంది. వాయిదాలోపు నోరు విప్పితే ముసలి తండ్రి జైలుకు, విప్పకపోతే పేట మొత్తం వీధికి.’

‘రహస్యం’ అన్న మాట దానంతటదే ఎగిరిపోయింది, గమనించండి. కథలో ఏముందో చెప్పలేనప్పుడే ఆ మాట అవసరమవుతుంది.

సలహాలను ఎలా తీసుకోవాలి?

ప్రశ్నలు ఒక పక్క, సలహాలు ఒక పక్క రాసుకోండి. ఒకే ప్రశ్న ఇద్దరు అడిగితే దిద్దక తప్పదు. సలహాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు తీసుకోవద్దు. ‘ఆమెకు ఒక తమ్ముణ్ని పెట్టండి’ అన్నారంటే, ఆమె ఒంటరితనం వాళ్లకు నమ్మశక్యంగా లేదనో, ఆమెతో వాదించే మనిషి కావాలనో అర్థం. లోటు నిజం, మందు మీరే వెతుక్కోవాలి. అక్కడే వాదనకు దిగకండి. ధన్యవాదాలు చెప్పి, ఒక రాత్రి గడిచాక తిరగరాయండి. రెండో విడతకు కొత్తవారిని వెతకండి. మొదటివారికి కథ తెలిసిపోయింది, వాళ్లు మీలాగే లేనిదాన్ని చదువుతారు.

మీ వంతు వచ్చినప్పుడు కూడా ఇదే మర్యాద పాటించండి. అవతలివారి కథను మీ కథగా మార్చకండి.

దొంగతనం భయం

ఇది న్యాయమైన భయమే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఆలోచనకు హక్కు ఉండదని, దాన్ని వ్యక్తపరచిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. అంటే లాగ్‌లైన్‌కు చట్టం నుంచి పెద్దగా రక్షణ దొరకదు. కాబట్టి కథాసంగ్రహాన్ని ముందే వివరంగా రాసి, తేదీ తెలిసేలా భద్రపరచండి. వీలైతే రచయితల సంఘంలోనో, కాపీరైట్ కార్యాలయంలోనో నమోదు చేయించండి. లాగ్‌లైన్‌ను వాట్సాప్‌లో పంపకుండా ఎదురుగా చదివి వినిపించండి.

విన్నవారు కథను సరిగ్గా తిరిగి చెప్పి, ‘తరువాత ఏం చేసింది?’ అని అడిగితే ఆపేయండి, ఇక దిద్దవద్దు. మూడు విడతలు దాటినా అడ్డుపడేది ఎవరో, పోయేది ఏమిటో చెప్పలేకపోతున్నారంటే ఇబ్బంది వాక్యంలో లేదు. లాగ్‌లైన్‌ను పక్కన పెట్టి కథ రెండో సగాన్ని ఒక పేజీలో రాయండి, ఆ తరువాతే మళ్లీ మిత్రులను పిలవండి.