ఏఎస్ ఉన్నవాళ్లు దూర ప్రయాణం పెట్టుకునేముందు

నడుం నొప్పి మనిషి ప్రయాణం అనగానే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా ఒకటే, కదలకుండా వెనక్కి వాలి కూర్చో, రెస్ట్ తీసుకో అని. వేరే నడుం నొప్పుల సంగతేమో గానీ అంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే ఏఎస్, వెన్ను కీళ్లు వాచి కొందరిలో మెల్లగా అతుక్కుపోయే జబ్బు, ఇది ఉన్నవాళ్లకి మాత్రం ఆ సలహా పనికిరాదు. మనది కూర్చుంటే పట్టేసి నడిస్తే వదిలే నొప్పి. పొద్దున లేవగానే అరగంటో గంటో నడుం చెక్కలా ఉండి, వేడినీళ్లు పోసుకుని నాలుగడుగులు వేశాక దారికొస్తుంది చూశారూ, ఏడెనిమిది గంటలు సీట్లో కదలకుండా ఉండి దిగితే మళ్లీ అదే పొద్దున అన్నమాట. నాకు 14 ఏళ్లుగా ఉంది ఇది. మొదట్లో బండి కుదుపులకి భయపడి బిగదీసుకుని కూర్చునేవాణ్ణి, ఆ బిగదీసుకోవడమే నన్ను దించేసేదని తెలియడానికి చాలా ప్రయాణాలు పట్టింది.

అందుకని జాగ్రత్త టికెట్ దగ్గరే మొదలెట్టండి. కిటికీ పక్కన కాకుండా నడిచే దారి పక్క సీటు తీసుకోండి, పక్కవాళ్లని లేపకుండా లేవొచ్చు. బెర్త్ అయితే కిందదే, పైకి ఎక్కడం దిగడం మనకి అనవసరమైన రిస్క్, ఎందుకో కింద చెప్తా. ఫోన్లో ముప్పావుగంటకోసారి అలారం పెట్టుకుని లేచి నిలబడండి, భుజాలు వెనక్కి లాగి గట్టిగా అయిదారుసార్లు ఊపిరి పీల్చి వదలండి, ఎందుకంటే ఈ జబ్బులో పక్కటెముకల జాయింట్లు కూడా పట్టేసి ఛాతీ పూర్తిగా విచ్చుకోదు. కారు మీరే నడుపుతుంటే మాత్రం ఆపి దిగాల్సిందే. మెడ తిరగనివాళ్లు అద్దాలు బయల్దేరేముందే సరిచేసుకోండి, అవసరమైతే వెడల్పాటి అద్దం తగిలించుకోండి. హెడ్ రెస్ట్ తల వెనక వీలైనంత దగ్గరగా ఉండాలి, మెడ వెనక కాదు.

నీళ్ల విషయంలో చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. దారిలో బాత్రూం గొడవ ఎందుకని తాగడం మానేస్తాం. కానీ మనం వేసుకునేవి నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, ఇండోమెథాసిన్ లాంటి నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీలకి మంచివి కావు. అయినా బాత్రూంకని లేవాల్సొస్తే మంచిదేగా, మనకి కావాల్సిందే అది. ఈ మాత్రలు ఖాళీ కడుపున వద్దు. తలనొప్పి వచ్చిందని దారిలో ఏదో షాపులో ఇంకో పెయిన్ కిల్లర్ కొనేముందు దాంట్లో ఏముందో చదవండి, పేరు వేరైనా ఇదే జాతి మందు అయితే రెండూ కలిపి వేసుకోకూడదు. వాంతులు విరేచనాలు పట్టుకుంటే మాత్ర సంగతి డాక్టర్ని అడిగి తేల్చుకోండి.

బయోలాజిక్ ఇంజెక్షన్ల మీద, అంటే వాపు పుట్టించే రోగనిరోధక వ్యవస్థని అణిచే మందుల మీద ఉన్నవాళ్లకి ఇంకాస్త పని ఉంది. అవి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అలాగని గడ్డకట్టకూడదు, కాబట్టి సిరంజిని ఐస్ ప్యాక్‌కి నేరుగా ఆనించకుండా మధ్యలో టవల్ చుట్టండి. విమానంలో అయితే చేతి సంచీలోనే పెట్టుకోండి, చెకిన్ లగేజీలో వద్దు, పోతే మందు పోయినట్టే. డాక్టర్ చీటీ కూడా పక్కనే ఉంచండి. కొన్ని మందులు కొన్నాళ్లు బయట ఉన్నా పర్వాలేదు గానీ అది మందుని బట్టి మారుతుంది, మీ పెట్టెలో కాగితం చదువుకోవడమే దారి. వేరే దేశం వెళ్తూ టీకాలు అవసరమైతే బయల్దేరే ముందువారం కాకుండా చాలా ముందే మీ కీళ్ల జబ్బుల డాక్టర్ రుమటాలజిస్ట్‌కి చెప్పండి, ఎల్లో ఫీవర్ లాంటి లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి, ఈ ఇంజెక్షన్ల మీద ఉండగా సాధారణంగా ఇవ్వరు. జ్వరమో ఇన్ఫెక్షనో ఉంటే డోసు వేసుకోకుండా ముందు ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. పడిపోవడం. ఎముకలు అతుక్కుపోయిన వెన్ను వెదురులా ఉంటుందని ఎక్స్‌రే చూసి అంటారు, కానీ వెదురులా వంగదు, పైగా లోపల ఎముక గుల్లబారి ఉంటుంది, మెట్టు తప్పి కూర్చుండిపోయినంత మాత్రానికే విరగొచ్చు, ఎక్కువగా మెడ దగ్గర. రోజూ నొప్పికి అలవాటు పడ్డవాళ్లం కాబట్టి మనమే తేలిగ్గా తీసుకుంటాం, అదే ప్రమాదం. పడ్డాక కొత్తరకం నొప్పి వస్తే, లేదా చేతులు కాళ్లు తిమ్మిరెక్కితే, కదలకుండా ఉండి సాయం పిలవండి. ఎక్స్‌రేలో ఏం లేదన్నా సరే, నాకు ఏఎస్ ఉంది, సీటీ గానీ ఎమ్మారై గానీ తీయండని అడగండి, ఎక్స్‌రేకి దొరకని విరుగుళ్లు ఉంటాయి. ఇంకోటి, ముందుకు వంగి అతుక్కున్న మెడని చక్కగా చేయాలని ఎవరూ లాగకూడదు, ఎప్పుడూ ఉండే వంపులోనే ఆనించి పడుకోబెట్టాలి. మనకి స్పృహ లేకపోతే ఎవరు చెప్తారు ఇవన్నీ? అందుకే నా పర్సులో జబ్బు పేరు, మందుల పేర్లు, ఈ మెడ సంగతి రాసిన కార్డు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీతో వచ్చేవాళ్లకీ చెప్పి ఉంచండి. పట్టిన చెప్పులు, చక్రాల సూట్‌కేసు, చీకట్లో బాత్రూంకి వెళ్లడానికి చిన్న టార్చి. బరువు పైకెత్తి పెట్టాల్సొస్తే అడగండి, సిగ్గేం లేదు. దిగాక మసాజ్ పేరుతో మెడ విరిచేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు, చచ్చినా పోవద్దు.

కన్ను ఎర్రబడి నొప్పెట్టి వెలుతురు చూడలేకపోతే అది దుమ్ము పడి కాకపోవచ్చు, మనలో దాదాపు నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు యువైటిస్, అంటే కంటి లోపలి వాపు, వస్తుంది. షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోకుండా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికెళ్లండి. మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం అయితే అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకే.

చేరిన రోజు ప్రోగ్రాములేం పెట్టుకోకండి. వేడినీళ్ల స్నానం, ఓ అరగంట నడక, మీ పల్చటి దిండు ఇంటినుంచే తెచ్చుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే వెళ్లినచోట మర్యాదకని వేసేవి ఎప్పుడూ రెండు లావు దిళ్లే.