ట్రినిడాడ్ సోర్ ఇంట్లో చేసుకోవడం ఎలా: చుక్కలు కాదు, 45 ఎంఎల్ బిట్టర్స్

అంగోస్తురా బిట్టర్స్ (మసాలా ఘాటున్న చేదు మందు) అంటే గ్లాసులో రెండు చుక్కలు వేసి సీసా మళ్ళీ అల్మారాలో పెట్టేసేదే కదా, ట్రినిడాడ్ సోర్ అనే ఈ కాక్‌టెయిల్‌లో మాత్రం అసలు మందే అది, విస్కీ ఏదో తోడుకి ఉంటుంది అంతే. 2009 ప్రాంతంలో న్యూయార్క్‌లో జుసెప్పె గొంజాలెజ్ అనే బార్‌టెండర్ చేశాడు దీన్ని. పేరులో ట్రినిడాడ్ ఎందుకంటే ఆ బిట్టర్స్ తయారయ్యేది అక్కడే. 1824లో వెనిజులాలోని అంగోస్తురా ఊళ్ళో సీగర్ట్ అనే జర్మన్ డాక్టర్ కడుపు బాగోలేనివాళ్ళ కోసం చేసిన మందు అది, తర్వాత వాళ్ళ కుటుంబం ట్రినిడాడ్‌కి మారిపోయింది.

ఒక గ్లాసుకి కొలతలు ఇవి: బిట్టర్స్ 45 ఎంఎల్, ఆర్జా (అంటే బాదం సిరప్) 30, నిమ్మరసం 22, రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసేది) 15. రై దొరక్కపోతే బర్బన్ (మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) వేసుకోండి, పెద్ద తేడా ఏం రాదు. జిగ్గర్ (మందు కొలిచే చిన్న కప్పు) లేకపోతే దగ్గు సిరప్‌తో వచ్చే గీతల కప్పు ఉంటుంది చూడండి, దాన్ని బాగా కడిగి వాడుకోవచ్చు, కానీ కొలవకుండా మాత్రం చెయ్యొద్దు. చేదుకి భయపడి నేను మొదటిసారి బిట్టర్స్ 20కి తగ్గించాను, నిమ్మకాయ పిండిన బాదంపాలలా వచ్చింది, పారబోశాను. కాకరకాయ పులుసులో చింతపండు, బెల్లం ఎందుకు వేస్తామో ఇక్కడ నిమ్మ, ఆర్జా కూడా అందుకే, కాయ సరిపడా లేకపోతే ఆ పులుసు ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

ఆర్జా దగ్గర బద్ధకించకండి, సగం రుచి దాంట్లోనే ఉంది. 100 గ్రాముల బాదంపప్పు రాత్రి నానబెట్టి, పొద్దున తొక్క తీసి, 200 ఎంఎల్ నీళ్ళతో మెత్తగా గ్రైండ్ చేసి పల్చటి గుడ్డలో గట్టిగా పిండండి. ఎన్ని పాలు వస్తే అంత తూకం పంచదార వేసి, సన్నటి సెగ మీద కరిగేదాకా తిప్పండి చాలు, మరగనివ్వొద్దు. చల్లారాక ఆరెంజ్ ఫ్లవర్ వాటర్ అర చెంచా, అది లేకపోతే వంటలో వాడే పన్నీరు (రోజ్ వాటర్) రెండు మూడు చుక్కలు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పైన తేరుకుంటే ఊపి వాడుకోండి. షాపులో అమ్మే ఏలకులు, కుంకుమపువ్వు వేసిన బాదం సిరప్ మాత్రం వద్దు, ఆ ఏలకుల వాసన అన్నిటినీ మింగేస్తుంది.

బిట్టర్స్ సీసా మూతి దగ్గర చుక్కలు చుక్కలుగా పడేలా ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది, దాన్ని చాకు మొనతో మెల్లగా పైకి లేపి తీసేయండి, లేకపోతే 45 ఎంఎల్ పడేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది. 200 ఎంఎల్ సీసాకి నాలుగు గ్లాసులొస్తాయి. తెల్ల చొక్కా వేసుకుని చెయ్యకండి, ఆ ఎర్ర మరక ఒక పట్టాన పోదు.

ఇక అన్నీ షేకర్‌లో పోసి (మూత గట్టిగా పట్టే స్టీల్ సీసా అయినా పర్లేదు) నిండా ఐస్ వేసి, చేతికి చల్లదనం కొట్టేదాకా ఓ 15 సెకన్లు గట్టిగా ఊపండి. టీ వడపోతలోంచి చల్లటి గ్లాసులోకి వడకట్టండి. కింద ఇటుక రంగు, పైన లేత గులాబీ నురగ వస్తుంది, గుడ్డు తెల్లసొన ఏమీ వెయ్యకుండానే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు లవంగం, దాల్చినచెక్క లాంటి ఘాటు, నోట్లో మొదట బాదం తీపి, తర్వాత పులుపు, మింగాక నాలుక చివర్లో చేదు నిలబడుతుంది.

ఒక్క మాట, బిట్టర్స్ మందులాంటిదే కదా అని లైట్ తీసుకోకండి, దాంట్లో ఆల్కహాల్ 44.7 శాతం ఉంది. ఈ ఒక్క గ్లాసు లార్జ్ పెగ్గు కంటే కాస్త ఎక్కువే, బండి తీసేపని ఉంటే ఇంకో రోజు చేసుకోండి.