ఆయాసం లేని రోజు కూడా ప్రివెంటర్ ఎందుకు తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి

ఆస్తమా ఉన్నవాళ్ళలో చాలామంది ఆయాసం వస్తే రిలీవర్ (అప్పటికప్పుడు ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్) రెండు పఫ్‌లు కొట్టేసి, కాస్త బాగుండగానే ప్రివెంటర్ (ఆయాసం రాకుండా రోజూ వాడే ఇన్‌హేలర్) ఆపేస్తారు. దయచేసి అలా ఆపకండి, లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

పడని దుమ్మో పుప్పొడో లోపలికెళ్ళగానే గాలిగొట్టాల్లోని మాస్ట్ కణాలు (అలర్జీని మొదలెట్టే కణాలు) హిస్టమిన్, ల్యూకోట్రైన్‌లు అనే రసాయనాలు వదుల్తాయి, నిమిషాల్లో గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుపోయి పిల్లికూతలు మొదలవుతాయి. దీనికి రిలీవర్‌లో ఉండే సాల్బుటమాల్ బానే పనిచేస్తుంది. కానీ ఇంకోపక్క ఇంటర్‌ల్యూకిన్‌లు అనేవి ఉంటాయి, కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు అనుకోండి. వాటినే పొట్టిగా ఐఎల్ అంటారు. ఐఎల్-4 వల్ల అలర్జీకి కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీ తయారవుతుంది, ఐఎల్-5 గొట్టాల్లో వాపు తెచ్చే ఇయోసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాల్ని పెంచి త్వరగా చావనివ్వదు, ఐఎల్-13 అయితే తెమడ పెంచడమే కాదు, ఆ కండరాన్ని చీటికీమాటికీ బిగుసుకునేలా తయారుచేస్తుంది. అందుకే సాయంత్రం దుమ్ము దులిపినప్పుడు ఒకసారి ఆయాసం వచ్చి తగ్గిపోయినా, కొందరికి 4 నుంచి 8 గంటల తర్వాత నిద్రలో మళ్ళీ వస్తుంది. ఈ వాపు ఉన్నన్నాళ్ళూ చల్లగాలి తగిలినా, గట్టిగా నవ్వినా చాలు, దగ్గు ఎత్తుకుంటుంది.

రిలీవర్ కండరాన్ని వదులు చేస్తుంది అంతే, ఆ కబుర్లని ఆపలేదు. వాటిని తగ్గించేది ప్రివెంటర్‌లో ఉండే స్టెరాయిడ్, అదీ రోజూ పడితే కొన్ని వారాలకి పూర్తిగా పట్టుకుంటుంది. అంతర్జాతీయంగా ఆస్తమా సూచనలిచ్చే జినా కూడా 2019 నుంచి పెద్దవాళ్ళు, టీనేజర్లు సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని చెప్తోంది.

ఇక తీసుకునే పద్ధతి. స్ప్రే ఇన్‌హేలర్ అయితే బాగా ఊపి, ఊపిరి మొత్తం బయటికి వదిలేసి, పెదాలు గట్టిగా మూసి, మెల్లగా పీల్చడం మొదలెడుతూనే నొక్కండి, పీలుస్తూనే ఉండండి, తర్వాత 10 సెకన్లు బిగబట్టండి. నోటి పక్కనుంచి తెల్లగా పొగలా వచ్చిందా, ఆ మందు లోపలికి సరిగ్గా పోలేదన్నమాట. చెయ్యీ ఊపిరీ కలవకపోతే స్పేసర్ పెట్టుకోండి, నన్నడిగితే అందరూ పెట్టుకోవాలి. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగండి. పౌడర్ ఇన్‌హేలర్ మాత్రం వేరు, దాన్ని గట్టిగా వేగంగా పీల్చాలి. ఏదైనా సరే అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేదంటే నోట్లో తెల్లగా ఫంగస్ పట్టొచ్చు.

వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ రిలీవర్ కావాల్సొస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. రిలీవర్ కొట్టాక కూడా తగ్గకపోయినా, ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.